‘కి’ లేని భాషలో ఎవరికి ఇచ్చినట్టు? ఇంగ్లీషు వాక్యంలోని రెండు కర్మల కథ

రిపోర్టెడ్ స్పీచ్ పాఠం చదువుకున్న ప్రతి ఒక్కరికీ ఒక సూత్రం కంఠతా వచ్చి ఉంటుంది. ‘సెడ్ టు’ కనిపిస్తే దాన్ని ‘టోల్డ్’గా మార్చాలి. ‘హి సెడ్ టు మి’ కాస్తా ‘హి టోల్డ్ మి’ అవుతుంది, మార్కులూ పడతాయి. ఆ ‘టు’ ఎక్కడికి పోయింది, ‘టోల్డ్ టు మి’ అని ఎందుకు రాయకూడదు అని అడిగితే మాత్రం ‘రూలంతే’ అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. కారణం తెలియనిదేమీ కాదు. ఇంగ్లీషు క్రియ తన వెంట ఎవరిని, ఏ వరసలో రానిస్తుందన్న దాంట్లోనే ఆ కారణం ఉంది. డైరెక్ట్ ఆబ్జెక్ట్, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ అని తరగతిలో విన్న రెండు పేర్లూ ఆ ఏర్పాటుకు సంబంధించినవే.

తేలికైన భాగాన్ని ముందు ముగిద్దాం. ‘నవ్వు’, ‘పడుకో’ లాంటి అకర్మక క్రియలకు కర్మ అక్కర్లేదు. ‘చదువు’, ‘కొను’ లాంటి సకర్మక క్రియలకు కావాలి. సీత చదివింది. దేన్ని? పుస్తకాన్ని. అది డైరెక్ట్ ఆబ్జెక్ట్. ‘ఇవ్వు’, ‘పంపు’, ‘చూపు’ లాంటి క్రియలకు ఆ ఒక్కటీ చాలదు, పుచ్చుకునేవారు కూడా ఉండాలి. సీత పుస్తకం ఇచ్చింది. ఎవరికి? రవికి. ఈ రవి ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్. మన సంప్రదాయంలో ఇతని పేరు సంప్రదానం. ‘కర్మణా యమభిప్రైతి స సంప్రదానమ్’ అన్నాడు పాణిని. కర్త తన కర్మ ద్వారా ఎవరిని ఉద్దేశిస్తాడో ఆ వ్యక్తి సంప్రదానం అని దాని భావం. ఇచ్చే వస్తువును దాటుకుంటూ వెళ్తే తప్ప పుచ్చుకునే మనిషి దగ్గరికి చేరలేమని ఆ సూత్రంలోనే ఉంది. ఇంగ్లీషు విషయంలోనూ ఇది చాలావరకు నిజం. ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ ఒంటరిగా రాదు, డైరెక్ట్ ఆబ్జెక్ట్‌ను వెంటబెట్టుకునే వస్తుంది.

ఇక్కడిదాకా ఏ గైడులోనైనా దొరుకుతుంది. చిక్కు ఎక్కడంటే, మనం ప్రశ్నను తెలుగులో అడిగి జవాబును ఇంగ్లీషులో వెతుకుతున్నాం.

‘సీత రవికి పుస్తకం ఇచ్చింది’ అన్న వాక్యాన్ని ‘రవికి సీత పుస్తకం ఇచ్చింది’ అనవచ్చు, ‘పుస్తకం రవికి సీత ఇచ్చింది’ అనవచ్చు. క్రియను చివర ఉంచి మిగిలిన మూడు మాటలనూ ఆరు రకాలుగా మార్చినా ఇచ్చింది ఎవరో, పుచ్చుకున్నది ఎవరో తారుమారు కాదు. రవి వెనక ‘కి’ ఉంది కాబట్టి అతను ఏ మూల నిలబడ్డా పుచ్చుకునేవాడే. ‘సీత గేవ్ రవి ఎ బుక్’ అన్న ఇంగ్లీషు వాక్యంలో రవి వెనక ఏమీ లేదు. పుచ్చుకునేవాడు రవి అని చెబుతున్నది అతను నిలబడ్డ చోటు మాత్రమే. పుస్తకానికీ మనిషికీ మధ్య ఎవరూ పొరబడరు కాబట్టి ఈ ఉదాహరణలో చోటు విలువ అంతగా తెలియదు. ఇద్దరూ మనుషులైతే తెలుస్తుంది. ‘షి షోడ్ ది డాక్టర్ ది చైల్డ్’ అంటే డాక్టరుకు పిల్లవాణ్ని చూపించింది. అవే మాటలను అటూ ఇటూ మార్చి ‘షి షోడ్ ది చైల్డ్ ది డాక్టర్’ అంటే పిల్లవాడికి డాక్టరును చూపించింది. ఒక్క అక్షరం కలపలేదు, తీసెయ్యలేదు, అర్థం మాత్రం తలకిందులైంది. మధ్యలో ప్రిపొజిషన్ ఏదీ లేకుండా రెండు కర్మలు పక్కపక్కన వస్తే పుచ్చుకునేవారు ముందు, ఇచ్చేది తరువాత. నేటి ప్రామాణిక ఇంగ్లీషులో ఈ వరసకు తిరుగులేదు.

ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషుకు మనలాగే విభక్తి ప్రత్యయాలుండేవి. ‘అతన్ని’ అనడానికి ‘హినె’, ‘అతనికి’ అనడానికి ‘హిమ్’ అనేవారు. మాటల చివరి అచ్చుల పలుకుబడి క్రమంగా సడలింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఆస్థానంలో, న్యాయస్థానాల్లో ఫ్రెంచి పీట వేసుకుంది. రాతలో పాత ఇంగ్లీషు రూపాలను పట్టి నిలిపే కట్టుబాటు పోయింది. ఆ తరువాతి రెండు మూడు శతాబ్దాల్లో నామవాచకాల మీది ప్రత్యయాలు దాదాపుగా రాలిపోయాయి. ఆ పనిని మాటల వరస, ‘టు’ లాంటి ప్రిపొజిషన్లు పంచుకున్నాయి. సర్వనామాల్లో జరిగింది ఇంకా చిత్రంగా ఉంటుంది. ‘హినె’ పోయింది, ‘హిమ్’ మిగిలింది. అంటే ఇవాళ ‘ఐ సా హిమ్’ అని అతన్ని చూసిన సంగతి చెప్పేటప్పుడు వాడుతున్నది నిజానికి పాతకాలపు ‘అతనికి’ రూపమే. ‘హూమ్’ పుట్టుక కూడా అదే. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మన్ భాష ఈ తేడాను ఇప్పటికీ నిలబెట్టుకుంది.

కాబట్టి ఇంగ్లీషు మాటను చూసి అది ద్వితీయా (‘అతన్ని’ లాంటి రూపం), చతుర్థా (‘అతనికి’ లాంటి రూపం) అని తేల్చే వీలు లేదు. తెలుగులోకి మార్చి చూసి, ‘కి’ వస్తే ఇన్‌డైరెక్ట్, ‘ని’ వస్తే డైరెక్ట్ అని తేల్చేయడం మన తరగతి గదుల్లో బాగా అలవాటైన అడ్డదారి. కొంతదూరం అది బాగానే నడుస్తుంది. ఇవ్వడం, పంపడం, చూపడం, నేర్పడం, అమ్మడం వంటి పనుల్లో ‘కి’ పట్టిన మనిషే ఇంగ్లీషులోనూ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్. ఆ తరువాతే దారి తప్పుతుంది.

అన్నిటికంటే పెద్ద మోసం ‘నాకు’తో మొదలయ్యే వాక్యాలది. నాకు తెలుసు, నాకు ఆకలిగా ఉంది, నాకు ఈ పాట నచ్చింది. ఇంగ్లీషుకు వెళ్లేసరికి ఈ ‘నాకు’ ఏకంగా కర్త స్థానంలో కూర్చుంటుంది: ‘ఐ లైక్డ్ దిస్ సాంగ్’. తెలుగులో క్రియ రూపాన్ని నిర్ణయిస్తున్న పాట ఇంగ్లీషులో డైరెక్ట్ ఆబ్జెక్ట్ అయి వెనక్కి జరుగుతుంది. రెండో మోసం ఇంకా మెత్తనిది. అతనికి సాయం చేశాను, ప్రశ్నకు జవాబు చెప్పాను, నాకు ఫోన్ చేశాడు, స్టేషనుకు చేరాను. నాలుగింట్లోనూ ‘కి’, ‘కు’ ఉన్నాయి. ఇంగ్లీషులో ఈ నాలుగూ డైరెక్ట్ ఆబ్జెక్టులే: ‘హెల్ప్డ్ హిమ్’, ‘ఆన్సర్డ్ ది క్వశ్చన్’, ‘కాల్డ్ మి’, ‘రీచ్డ్ ది స్టేషన్’. ‘కాల్డ్ టు మి’ అంటే నా వైపు తిరిగి కేకేశాడని అర్థం. ‘రీచ్డ్ టు ది స్టేషన్’ అన్నది మన దగ్గర పుట్టిన ఇంగ్లీషు. దాని మూలం తెలుగు ‘కు’లోనూ ఇతర భారతీయ భాషల్లోని అలాంటి ప్రత్యయాల్లోనూ ఉంది. సాయం విషయంలో మరీ నవ్వొస్తుంది. పాత ఇంగ్లీషులో ‘అతనికి సాయం చేశాను’ అనే పద్ధతి ఉండేది, జర్మన్‌లో ఇప్పటికీ ఉంది. మధ్యలో మారిపోయింది ఇంగ్లీషు, మనం కాదు.

‘ని’, ‘ను’ల సంగతీ అంతే. ‘అతను నన్ను ఒక ప్రశ్న అడిగాడు’ అన్నప్పుడు ‘నన్ను’ ద్వితీయా విభక్తిలో ఉంది. ఇంగ్లీషు ‘హి ఆస్క్డ్ మి ఎ క్వశ్చన్’లో ఆ ‘మి’ని వ్యాకరణాలు ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టుగానే లెక్కిస్తాయి. పైగా తెలుగులో అచేతన వస్తువులకు ‘ని’ తప్పనిసరి కాదు. ‘పుస్తకం కొన్నాను’ అంటే సరిపోతుంది, ‘పిల్లవాడు పిలిచాను’ అంటే మాత్రం వాక్యం కూలిపోతుంది. ఇక ‘గురించి’ చేసే అల్లరి వేరు. ఆ సమస్య గురించి చర్చించాం అని తెలుగులో అనుకుని ‘డిస్కస్డ్ అబౌట్’ అని రాసేవారు కోకొల్లలు. ‘డిస్కస్’ వెంట కర్మ నేరుగా వస్తుంది, మధ్యలో ఎవరూ అక్కర్లేదు.

బడిలో బట్టీ పట్టించే విభక్తుల పట్టిక కూడా ఇక్కడ ఆదుకోదు. అందులో కొరకు, కై చతుర్థికి చెందుతాయి. ‘కి, కు, యొక్క, లో, లోపల’ షష్ఠిలో ఉంటాయి. ‘రవికి ఇచ్చింది’లోని ‘కి’ చేసేది చతుర్థి పని, కూర్చున్నది షష్ఠి వరసలో. ఆ పట్టికను నమ్ముకుని ఇంగ్లీషు వాక్యంలో చతుర్థిని వెతికే పిల్లవాడి మీద నాకు జాలే కలుగుతుంది.

తెలుగు పనికొచ్చే చోటు మరొకటి ఉంది. దాన్ని ఎందుకో ఎవరూ వాడుకోరు. ఇంగ్లీషులో రెండు కర్మలున్న వాక్యాన్ని తిప్పి రాసేటప్పుడు కొన్ని క్రియలకు ‘టు’ వస్తుంది, కొన్నిటికి ‘ఫర్’ వస్తుంది. ‘గేవ్ రవి ఎ బుక్’ తిరగబడితే ‘గేవ్ ఎ బుక్ టు రవి’. ‘బాట్ రవి ఎ బుక్’ తిరగబడితే ‘బాట్ ఎ బుక్ ఫర్ రవి’. ఏ క్రియకు ఏది అన్నదానికి పుస్తకాలు రెండు జాబితాలిచ్చి బట్టీ పట్టమంటాయి. ఈ క్రియలను తెలుగులో ఎలా చెబుతామో గమనించండి. ఇచ్చాడు, పంపాడు, చూపాడు, నేర్పాడు, అమ్మాడు: ఇవి ఉన్నవి ఉన్నట్టే చాలు, ఎందుకంటే పుచ్చుకునేవాడు లేకపోతే పనే పూర్తికాదు. ఇవన్నీ ‘టు’ వైపు. కొని పెట్టాడు, వండి పెట్టింది, వెతికి పెట్టాడు, కట్టి ఇచ్చాడు, చేసి పెట్టింది: ఇక్కడ కొనడం, వండడం, వెతకడం ఎవరికీ ఇవ్వకుండానే జరిగిపోగల పనులు. మరొకరి కోసం చేశామని చెప్పడానికి ‘పెట్టు’నో ‘ఇచ్చు’నో అదనంగా తగిలిస్తున్నాం. ఆ తగిలింపు అవసరమైన క్రియలన్నీ దాదాపుగా ‘ఫర్’ వైపు వెళ్తాయి: బై, కుక్, మేక్, ఫైండ్, బిల్డ్. ‘బ్రింగ్’ లాంటివి రెండు వైపులా తిరుగుతాయి. ‘తెచ్చాడు’, ‘తెచ్చి పెట్టాడు’ అని మనకూ రెండూ ఉన్నాయి కదా.

ఇప్పుడు ‘సెడ్ టు’ సంగతి. తెలుగులో ‘చెప్పు’ అన్న ఒక్క మాటతో పని జరిగిపోతుంది. ఇంగ్లీషులో ‘సే’, ‘టెల్’ అని రెండున్నాయి, వాటి సంసారాలు వేరు. ‘సే’ తన పక్కన చెప్పిన మాటలనే రానిస్తుంది. విన్న మనిషి రావాలంటే ‘టు’ చెయ్యి పట్టుకునే రావాలి. ‘టెల్’ విన్న మనిషిని నేరుగా పక్కన కూర్చోబెట్టుకుంటుంది, అంటే ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టుగా. రిపోర్టెడ్ స్పీచ్‌లో క్రియ ‘సే’ నుంచి ‘టెల్’కు మారింది కాబట్టి ‘టు’కు పని లేకుండా పోయింది. అందుకే ‘టోల్డ్ టు మి’ తప్పు, ‘సెడ్ మి’ కూడా తప్పు.

‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అన్న సుప్రసిద్ధమైన తప్పు కూడా ఈ కోవలోదే. నాకు వివరించండి అని మన మనసులో ఉంటుంది. ‘టెల్ మి’, ‘షో మి’, ‘టీచ్ మి’ అన్నీ సరైనవే కాబట్టి ఇదీ సరైనదే అనిపిస్తుంది. కానీ ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’ అనాల్సిందే. ‘డిస్క్రైబ్’, ‘సజెస్ట్’, ‘అనౌన్స్’ కూడా ఇంతే. వీటిలో ఒక పోలిక కనిపిస్తుంది. గివ్, సెండ్, టెల్, షో, టీచ్, సెల్ వంటివి పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన పొట్టి క్రియలు, ఒకే పలుకులో (సిలబుల్‌లో) అయిపోతాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్ లాంటివి లాటిన్ మూలం నుంచి, కొన్ని ఫ్రెంచి మీదుగా వచ్చిన పొడుగు క్రియలు. ఇంటి క్రియలు ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకుంటాయి, వలస వచ్చినవి ఒకరినే. దీన్ని పక్కా నియమమని అనుకుంటే దెబ్బతింటాం. లాటిన్ మూలమున్న ‘ఆఫర్’, ‘ప్రామిస్’ రెండు కర్మలనూ రానిస్తాయి. వాటి ఊనిక (నొక్కి పలకడం) మొదటి పలుకు మీద పడటం వల్ల అవి ఇంటి క్రియల్లా వినిపిస్తాయని ఒక సమర్థన ఉంది. ‘అసైన్’కు ఊనిక చివర పడినా అదీ రానిస్తుంది. ఇటు ‘సే’ ఒట్టి ఇంటి క్రియ అయి ఉండీ రానివ్వదు. మొగ్గు ఎటుందో తెలుసుకోవడానికి మాత్రమే ఈ పోలిక.

అర్థానికి కూడా ఇందులో వాటా ఉంది. ‘ఐ సెంట్ ఎ పార్సిల్ టు రవి’ అనవచ్చు, ‘ఐ సెంట్ ఎ పార్సిల్ టు విజయవాడ’ అనీ అనవచ్చు. రెంటినీ తిప్పి చూడండి. ‘ఐ సెంట్ రవి ఎ పార్సిల్’ చక్కగా ఉంది. ‘ఐ సెంట్ విజయవాడ ఎ పార్సిల్’ ఇంగ్లీషువారి చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పార్సిల్ ఊరికి చేరుతుంది కానీ ఊరు దాన్ని పుచ్చుకోదు. ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ చోటులో కూర్చోవాలంటే వస్తువును తనదిగా చేసుకోగల వ్యక్తో సంస్థో అయి ఉండాలి. విజయవాడ అంటే అక్కడి బ్రాంచి ఆఫీసు అని ఉద్దేశమైతే అదే వాక్యం వెంటనే చెల్లుతుంది. తెలుగులో రవికైనా విజయవాడకైనా ‘కి’, ‘కు’లే కాబట్టి ఈ తేడా మనకు తట్టదు.

ఇక్కడ పండితుల తగాదా ఒకటుంది. ‘గేవ్ ఎ బుక్ టు రవి’లోని ‘టు రవి’ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టేనా? పాత బడి వ్యాకరణాల్లో చాలావరకు అవుననే అంటాయి, అర్థం ఒకటే కదా అని వాటి వాదన. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ సంపాదకత్వంలో వచ్చిన కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు వ్యాకరణం కాదంటుంది. ప్రిపొజిషన్ వెంట వచ్చింది కాబట్టి అది క్రియకు కర్మ కానే కాదని దాని నిర్ణయం. పరీక్షలో మీ పాఠ్యపుస్తకం ఏదంటే అదే రాయండి. అర్థం చేసుకోవడానికైతే రెండో వాదమే మేలని నా అభిప్రాయం. ‘టు’తో వచ్చినవన్నీ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టులే అనుకుంటే విజయవాడను కూడా ఆ లెక్కలో చేర్చాల్సి వస్తుంది. ‘ఎక్స్‌ప్లెయిన్’కూ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ ఉందనాల్సి వస్తుంది. అప్పుడు ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ ఎందుకు తప్పో చెప్పడానికి మన దగ్గర ఏమీ మిగలదు.

వాయిస్ మార్చే లెక్కల్లో కూడా ఈ తేడా పైకి తేలుతుంది. ‘హి టాట్ అస్ ఇంగ్లీష్’ను కర్మణి వాక్యంగా మారిస్తే ‘ఇంగ్లీష్ వజ్ టాట్ టు అస్’ అనవచ్చు, ‘వి వర్ టాట్ ఇంగ్లీష్’ అనీ అనవచ్చు. రెండోది మనవాళ్లకు మింగుడుపడదు. ‘మేము ఇంగ్లీషు నేర్పబడ్డాము’ అని తెలుగులో ఎవరూ అనరు మరి. ఇంగ్లీషులో మాత్రం అదే మామూలు వాక్యం. తిన్నగా క్రియ పక్కనే ఉండటం వల్ల, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టుకు కర్తగా ముందుకు రాగల హక్కు దొరికింది. అదే ‘ఎక్స్‌ప్లెయిన్’తో ‘వి వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ ది రూల్’ అనలేం. హక్కు లేని చోట ముందుకు రావడమూ లేదు.

రెండు పద్ధతులూ చెల్లే క్రియల్లో ఏది ఎంచుకోవాలన్నది ఎక్కువగా బరువును బట్టి ఉంటుంది. పొడుగైనదీ వినేవారికి కొత్తదీ అయిన మాటను ఇంగ్లీషు వాక్యం చివరికి నెడుతుంది. కౌంటరు దగ్గర గంటసేపటినుంచి నిలబడ్డ పెద్దావిడకు ఫారం ఇచ్చానని చెప్పాలంటే ఫారం ముందు రావాలి, ఆవిడ వర్ణనంతా ‘టు’ వెనక రావాలి. రెండూ సర్వనామాలైతే ‘గివ్ ఇట్ టు మి’ అన్నదే అందరికీ నప్పే రూపం. ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల వారు ‘గివ్ ఇట్ మి’ అనడం కూడా ఉంది, మనం అనుకరించాల్సిన పని లేదు.

క్రియ పక్కన రెండు మాటలు కనిపించినంత మాత్రాన రెండూ కర్మలే అనుకోకూడదు. ‘కాల్ మి ఎ టాక్సీ’ అని ఒకరంటే ‘సరే, నువ్వు టాక్సీవి’ అని మరొకరు బదులిచ్చే పాత ఇంగ్లీషు హాస్యం ఈ కిటుకు మీదే నడుస్తుంది. అడిగినవాడి లెక్కలో ‘మి’ ఇన్‌డైరెక్ట్, టాక్సీ డైరెక్ట్. బదులిచ్చినవాడి లెక్కలో ‘మి’యే డైరెక్ట్, టాక్సీ దానికి పెట్టిన పేరు. హాస్యం కోసం కాకుండా మామూలుగా రాసే వాక్యంలోనూ ఇది తగులుతుంది. ‘ఐ ఫౌండ్ హిమ్ ఎ గుడ్ టీచర్’ అంటే అతనికి మంచి మాస్టారిని వెతికి పెట్టాననీ అర్థమే, అతను మంచి మాస్టారని తెలుసుకున్నాననీ అర్థమే. మొదటి అర్థంలో మనుషులు ఇద్దరు, రెండో దాంట్లో ఒక్కరే. ‘వెతికి పెట్టాను’ అని వచ్చింది కాబట్టి మొదటిది ‘ఫర్’ వైపు క్రియ. ‘ఐ ఫౌండ్ ఎ గుడ్ టీచర్ ఫర్ హిమ్’ అని తిప్పి రాస్తే ఆ అర్థం ఒక్కటే నిలుస్తుంది. రెండో అర్థమే కావాలంటే మధ్యలో ‘టు బి’ చేర్చి ‘ఐ ఫౌండ్ హిమ్ టు బి ఎ గుడ్ టీచర్’ అని రాస్తే సరి.